మాంటీకార్లో గుమ్మడికాయలు

రోహిణి ఎండలు ఎన్నిసార్లు మండి చల్లారినా, మృగశిర ఎన్నేళ్ళు మాట నిలుపుకొని ఎన్నేళ్ళు మొహం చాటేసినా, మునేరు ఎండినా పొంగినా, జగ్గయ్యపేట పక్కనుంచి పోయే రహదారి మీద ఎడ్లబళ్ళు పోయి లారీలూ, లారీలను మించిన కంటెయినర్లూ వచ్చినా, ఆ ఊళ్ళో విత్తనాలూ పురుగుమందులూ అమ్ముకునే వీరరాఘవయ్య మాత్రం, మధ్యధరా సముద్రపు ఒడ్డున మాంటీకార్లో అనే జూదపు పేటను టూరు బస్సు ఆగినంతసేపు చూసివచ్చిన నాటినుంచి, కనబడిన మనిషితో పందెం కాయడం, గెలిస్తే గుమ్మడికాయ ఇంటికి తెచ్చుకోవడం, ఓడితే ఇంట్లో ఉన్నది ఎత్తి ఇచ్చెయ్యడం అనే మూడు పనులనూ మూడు సంధ్యల్లా నియమం తప్పకుండా నెరవేరుస్తూనే ఉన్నాడు.

ఆ యాత్ర ఆయన కోరి చేసినదీ కాదు, మొక్కుకుని చేసినదీ కాదు. ఎక్కువ సరుకు అమ్మిన కొట్లవాళ్ళను కంపెనీలు విమానమెక్కించి దేశాలు తిప్పుకొచ్చే ఆచారం ఒకటుంది. ఒకానొక ఏడు చుట్టుపక్కల మండలాల మిరప చేలన్నిటికీ తామర పురుగు పట్టింది. పురుగు పడితే మందు అమ్ముడవుతుంది. మందు అమ్ముడైతే డీలరుకు విదేశయానయోగం పడుతుంది. తక్కినవారు గంగలో మునిగి సంపాదించే లోకాంతరప్రాప్తిని వీరరాఘవయ్య ఆ విధంగా పురుగు దయవల్ల పొందాడు.

వచ్చేటప్పుడు నీలంపట్టీ ఉన్న గడ్డిటోపీ ఒకటి తెచ్చుకున్నాడు. తెల్లపంచె, ఖద్దరు చొక్కా, పైన ఆ టోపీ. కొట్లోనూ అదే, పెళ్ళిలోనూ అదే. గుడికి వెళ్ళినా దాని సంగతి గుర్తుండదు. ఒకనాడు అర్చకస్వామి శఠారి చేతిలో పట్టుకుని ఆగిపోయి, “వీరరాఘవయ్యగారూ, స్వామి పాదాలు మీ తలకు సోకాలండి. టోపీకి మోక్షమిచ్చి నేనేం చేసుకోను?” అన్నాడు.

ఇక ఆ పేట వర్ణన మొదలైతే అష్టాదశ వర్ణనలూ అయిపోయినా ఆగదు. కాఫీ హోటల్లో ఇడ్లీ గట్టిగా ఉంటే, “మాంటీకార్లోలో రాయి కూడా ఇంతకంటే మెత్తగా ఉంటుందయ్యా” అనేవాడు. బస్టాండులో ఊరకుక్క కనిపిస్తే, “అక్కడి కుక్క పొద్దున్నే తలంటుకుని, అత్తరు రాసుకుని గాని వీధిలోకి రాదు” అనేవాడు. మునేటి గట్టున నిలబడితే, “అక్కడ సముద్రాన్ని కూడా ఇస్త్రీ చేసి పరుస్తారు” అనేవాడు. ఆ జూదపు మేడలోని దీపగుచ్ఛాలను, తివాచీలను, గిరగిర తిరిగే చక్రాలను ఆయన వర్ణిస్తుంటే విన్నవాళ్ళు కాళ్ళు తుడుచుకుని కూర్చునేవారు.

పందేలలో మాత్రం ఆయన అదృష్టరేఖ అరచేతి దాకా రాకుండా మోచేతి దగ్గరే ఆగిపోయిందని ఊళ్ళో ప్రసిద్ధి. వేసవి మధ్యాహ్నం కరెంటు పోదని మంగలితో పందెం కాసి గొడుగు పోగొట్టుకున్నాడు. విజయవాడ బస్సు వేళకు వస్తుందని కిళ్ళీకొట్టువాడితో పందెం కాసి చేతి గడియారం విప్పి ఇచ్చాడు. ఫలానా వారి పెళ్ళిలో ముహూర్తానికి ముందే పీటల మీద కూర్చుంటారని పందెం కాసి కండువా వదులుకున్నాడు. “మంచి జరుగుతుందనే వైపే కాస్తాడు, ఇక గెలుపెక్కడిది?” అని ఊరు నవ్వుకునేది.

రైతులతో ఆయన పందెం తీరు ఇంకా విడ్డూరం. మిరపనారు పెట్టే అదునులో ఒక్కొక్కరినీ ఆపి, “నీ చేను ఈ ఏడు విరగకాస్తుంది. కాస్తే నాకో గుమ్మడికాయ ఇయ్యి. కాయకపోతే మళ్ళీ వేసుకునే నారు నాది. పందెమా?” అనేవాడు. నారు ఎక్కడ, గుమ్మడికాయ ఎక్కడ? పామరుడికి కూడా తెలిసే ఆ తేడా, కొట్టు నడుపుకునే మనిషికి తెలియకపోవడం మాంటీకార్లో గాలి సోకినందువల్లనే అని అందరూ నిర్ధారించుకున్నారు.

మంచి ఏళ్ళలో ఆ ఇంటి అటక గుమ్మడికాయలతో కిటకిటలాడేది. మంచాల కింద గుమ్మడికాయలు, మెట్లకొకటి చొప్పున గుమ్మడికాయలు. ఆయన ఇల్లాలు సీతారావమ్మ దప్పళం పెట్టి, కూర చేసి, హల్వా కలిపి, చివరికి వచ్చిన చుట్టాలకు పసుపూ కుంకుమతో పాటు గుమ్మడికాయ కూడా చేతిలో పెట్టేది. చుట్టాలు రావడం తగ్గించారు.

ఆమె అన్నగారు బసవయ్య నందిగామలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాడు. సాయంకాలాలు గుళ్ళో పురాణం చెబుతాడు. పద్యం తోడు లేకుండా ఆయనకు మంచినీళ్ళు కూడా గొంతు దిగవు. సప్త వ్యసనాలలో జూదానికి ఉన్న స్థానం గురించి ఏ రాత్రివేళ లేపి అడిగినా చెప్పగల ఆ పండితుడికి, స్వయంగా తన బావగారే ఆ వ్యసనానికి గడ్డిటోపీ పెట్టుకున్న ఉదాహరణ కావడం మానని వ్రణం.

ఈ భాద్రపదంలో మునేరు పొంగింది. పెనుగంచిప్రోలు వైపు అప్పుడే నాటిన మిరప చేలు నీళ్ళలో కలిసిపోయాయి. వీరరాఘవయ్య ఆ ఏటి పందేలన్నీ ఒక్క దెబ్బతో ఓడిపోయాడు. నీళ్ళు తీసిన మూడోనాడే చందర్లపాడు నర్సరీలలో దొరికిన నారంతా తన పేర మాట్లాడేశాడన్న వార్త సీతారావమ్మ చెవిన పడింది. ఆమె అన్నగారికి ఫోను చేసింది.

“అన్నయ్యా, నావల్ల కాదు. భజనకు వెళితే ‘మాంటీకార్లో అత్తయ్యా’ అని పిలుస్తున్నారు. పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నా. ప్రసాదం చేతిలో పెట్టి, ఇక పందెం కాయనని ఈయన చేత నువ్వు ఒట్టేయించాలి. వెయ్యకపోతే నీతోపాటే నందిగామ వచ్చేస్తా. పెట్టె సర్దేశా.”

“పెట్టె ఎందుకమ్మా, ప్రమాణం సంగతి నేను చూసుకుంటా” అన్నాడు బసవయ్య. చూసుకోవడమంటే, జూదగాడి దుర్గతిని వర్ణిస్తూ ఒక సీసపద్యం కూర్చడం. ఎత్తుగీతి దగ్గర కాస్త తడబడినా, చివరికి అది విన్నవాడు చీట్లపేకను చూసి కూడా జడిసేటంత గంభీరంగా కుదిరింది.

పౌర్ణమి ముందురోజు జగ్గయ్యపేటలో బస్సు దిగిన బసవయ్యకు వాకిట్లోనే టోపీ ఎదురైంది.

“రావయ్యా పండితుడా. నువ్వు కాళ్ళు కడుక్కునేలోగా మీ చెల్లెలు కాఫీ తెస్తుందని పందెం.”

“పందేలకు స్వస్తి చెప్పించడానికే వచ్చాను బావా.”

“రేపటిదాకా టైముందిగా” అన్నాడు వీరరాఘవయ్య. సీతారావమ్మ కోపంతో కాఫీ ఆలస్యం చేసింది. ఆయన ఆ పందెం కూడా ఓడిపోయి, తన వంతు జంతికలు బావమరిది పళ్ళెంలో వేశాడు. తలుపు పక్కన సర్దిన పెట్టె నిలబడి ఉంది. ఆయన దాన్ని చూశాడు, చూడనట్టు టోపీ సర్దుకున్నాడు. అది బసవయ్య కంటపడింది.

రోగానికి మూలం తెలియకుండా మందు వెయ్యకూడదని బసవయ్య సిద్ధాంతం. భోజనం కాగానే ఆటో ఎక్కి పెనుగంచిప్రోలు వెళ్ళాడు. బావగారితో పందెం కాసేవాళ్ళను నాలుగు మాటలని ఆపించాలని ఆయన ఉద్దేశం. కౌలుకు మిరప వేసే ప్రేమానందం పేరు సీతారావమ్మ నోట చాలాసార్లు విన్నదే. ఇల్లు కనుక్కుని వెళ్ళేసరికి అతను వాకిట్లో బురద గడ్డకట్టిన పారను చెక్కుకుంటున్నాడు. భార్య సౌభాగ్యమ్మ మంచం వాల్చింది.

“నేను వీరరాఘవయ్యగారి బావమరిదినయ్యా.”

ప్రేమానందం ముఖంలో ఒక్కసారిగా జాలి ముసురుకుంది. “కూర్చోండి మాస్టారూ. ఆయనెట్లా ఉన్నారు? ఈసారి మరీ ఓడిపోయారు పాపం.”

“నువ్వు ఆయనతో పందెం కాయడం న్యాయమా?”

“నేనెక్కడ కాస్తానండి, ఆయనే కాస్తారు. మా పాస్టరుగారు పందేలు కూడదన్నారు. కానీ పెద్దాయన అంత ఆశపడి అడుగుతుంటే కాదంటే ఏడుస్తారేమో అని సరేనంటున్నా. ఆయనకి పందెం కాయడమే రాదండి. గుమ్మడికాయ కోసం నారు ఒడ్డేవాణ్ణి మీరెక్కడైనా చూశారా?”

“పిచ్చి మారాజు” అంది సౌభాగ్యమ్మ లోపల్నుంచి. “ఆ తల్లి ఎట్లా వేగుతుందో.”

బసవయ్య గొంతు సవరించుకున్నాడు. “అయితే ఆయన ఊరికే నారు ఇస్తానంటే తీసుకుని, పందెం మానెయ్యచ్చుగా?”

ప్రేమానందం పార పక్కన పెట్టాడు. “అది జరగదండి. పురుగుపడ్డ ఏడు చేను పోతే, ఆ మరుసటి కారుకి నారు ఊరికే ఇస్తానన్నారు. నేను కొట్లోంచి లేచొచ్చేశా. ఒకసారి చెయ్యి చాస్తే ఆ చెయ్యి ఎప్పటికీ కిందే ఉంటుంది మాస్టారూ. మా నాయన నేర్పిన ముక్క అదొక్కటే. పందెమైతే వేరు. గెలిచినోడు వెళ్ళి అడగొచ్చు. రేపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తన్నా. ఇంకో వారం దాటితే అదును పోతది.”

తిరుగు ఆటోలో బసవయ్య విన్నవన్నీ వరస పెట్టుకున్నాడు. పురుగుపడ్డ ఏడు యాత్ర. ఆ మరుసటి కారుకి దానం, నిరాకరణ. ఆ తర్వాతే పందేలు. ఏ పందెం చూసినా మంచి జరుగుతుందనే వైపే. ఇన్నాళ్ళూ ఎంత చదివినా ప్రతిపదార్థం దగ్గరే ఆగిపోయిన శ్లోకానికి దారిలో ఎక్కడో అన్వయం కుదిరినట్టయింది. సీసపద్యం జేబులో బరువుగా తోచింది.

బావగారు కొట్టు వెనక గోదాములో ఉన్నాడు. బసవయ్య తలుపు దగ్గరగా వేశాడు.

“బావా, ఆ మాంటీకార్లో మేడలో నువ్వు నిజంగా ఏం చూశావు?”

“చెప్పాగా. దీపాలు, తివాచీలు…”

“నిజం.”

వీరరాఘవయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “లోపలికి ఎక్కడ వెళ్ళానయ్యా? పాస్‌పోర్టు చూపిస్తేగాని రానివ్వమన్నారు. నాది టూరు మేనేజరు సంచిలో బస్సులో ఉండిపోయింది. తివాచీల సంగతంతా మా గుంటూరు డీలరు బయటికొచ్చి చెప్పిందే. నేను ఎదురుగా తోటలో బెంచీ మీద కూర్చుని మీ చెల్లెలు కట్టిచ్చిన చేగోడీలు తిన్నా. అంతే.”

“అంతేనా?”

“లోపలికి పోయేవాళ్ళ ముఖాలు చూశా. బయటికొచ్చేవాళ్ళ ముఖాలూ చూశా. ఎక్కడో చూసినట్టనిపించింది. తొలకరికి మన కొట్టుకొచ్చి విత్తనాలు ఏరుకుంటాడే రైతు, వాడి ముఖమూ, కోతలయ్యాక వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడతాడే, ఆ ముఖమూ.” కాసేపు టోపీ అంచు తిప్పాడు. “గైడు చెప్పాడు. ఎవరు గెలవనీ, ఎవరు ఓడనీ, ఆ మేడ మాత్రం ఎప్పుడూ ఓడదట. అందరం నవ్వాం. బస్సెక్కాక నాకు నవ్వు ఆగిపోయింది బావా. పంట పండితే విత్తనం అమ్ముతా, పురుగు పడితే మందు అమ్ముతా. వాళ్ళ చేలు పోయిన ఏడే నాకు విమానం వచ్చింది. జగ్గయ్యపేటలో ఆ మేడ నాదే.”

బసవయ్యకు సందర్భోచితమైన పద్యం ఒక్కటీ తోచలేదు. అది ఆయన జీవితంలో మొదటిసారి.

“అందుకని మేడను కూడా అప్పుడప్పుడూ ఓడిద్దామనుకున్నావు” అన్నాడు చివరికి.

“మరీ పెద్దమాటలనకు. నాకు గుమ్మడికాయ దప్పళం ఇష్టం.”

“చెల్లాయికి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే రైతులు వచ్చినప్పుడు జాలిగా చూస్తుంది. ఆ చూపు పడిందంటే ప్రేమానందం గుమ్మం తొక్కడు. తను నన్ను తిట్టినంతకాలమే ఊరు నన్ను జూదరి అని నమ్ముతుంది. ఆ తిట్లు లేకపోతే నా పందెం నిలబడదయ్యా.” గొంతు తగ్గించాడు. “కానీ పెట్టె సర్దింది. రేపు ఒట్టెయ్యమంటే వేసేస్తా. తను లేని ఇంట్లో నేనుండలేను.”

మరునాడు వ్రతం యథావిధిగా సాగింది. అయిదు కథలూ పూర్తయ్యాయి. పురోహితుడు హారతి ఇచ్చి పక్కకు జరిగాడు. సీతారావమ్మ పెట్టెవైపు ఒకసారి, అన్నవైపు ఒకసారి చూసి, “కానియ్యి అన్నయ్యా” అంది. వీరరాఘవయ్య టోపీ లేని తలతో, దోసిట ప్రసాదంతో, శిక్ష వినబోయే దోషిలా కూర్చున్నాడు.

బసవయ్య జేబులో చెయ్యి పెట్టాడు. పద్యం తగిలింది. దాన్ని అక్కడే ఉంచి చెయ్యి బయటికి తీశాడు. పండితుడు తన పద్యాన్ని తానే మింగడం ఎంతటి త్యాగమో తెలిసినవారికే తెలుస్తుంది.

“నేను చెప్పినట్టు చెప్పు బావా. ‘నా గెలుపు కోసం ఎదుటివాడు ఓడవలసి వచ్చే పందెం నేను ఎన్నడూ కాయను. స్వామి సాక్షిగా.’”

వీరరాఘవయ్య తలెత్తి చూశాడు. కళ్ళలో నీళ్ళ బదులు నవ్వు తిరిగింది. మాట పొల్లుపోకుండా ప్రమాణం చేసి, ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

సీతారావమ్మ సామాన్యురాలు కాదు. “ఆగన్నయ్యా. ఇందులో పందెం మానేస్తానన్న ముక్క ఎక్కడుంది?”

“ఇన్నాళ్ళూ ఆయన కాసిన పందేలలో, ఎదుటివాడు ఓడితే మీ ఆయన గెలిచింది ఒక్కటి చెప్పమ్మా.”

ఆమె లెక్కకు కూర్చుంది. గొడుగు, గడియారం, కండువా. మెట్లమీద గుమ్మడికాయలు. అవి వచ్చిన ఏళ్ళలో ఊరంతా పండిన చేలు. రాని ఏళ్ళలో ఎవరెవరి ఇళ్ళకు ఏమేమి వెళ్ళాయో. లెక్క తేలాక మొగుణ్ణి అడిగింది. “ఏవండీ, నాతో ఒక్క మాట అనడానికి నోరు రాలేదా?”

“నీ ముఖం అద్దమే సీతా. దానిలో ఏదీ దాగదు. జాలి కనబడితే వాళ్ళు నారు ముట్టరు.”

ఆమె ఏదో అనబోయింది. అంతలో వాకిట్లో ట్రాక్టరు ఆగింది. నర్సరీ నుంచి నారు ట్రేలు వచ్చాయి. వెనకే ఇస్త్రీ మడతలు నలగని తెల్లచొక్కాతో ప్రేమానందం గేటు దగ్గర నిలబడ్డాడు. “అయ్యగారూ, పందెం గెలిచానండి. నారు ఇప్పిస్తే ఎత్తుకెళతా.”

బసవయ్య చెల్లెలి వైపు చూశాడు. ఇప్పుడు చెల్లెలు ఒక్క జాలిచూపు చూసిందంటే చాలు, ఆ తెల్లచొక్కా వచ్చినదారినే తిరిగిపోతుంది.

సీతారావమ్మ కొంగు బిగించి వసారాలోకి వచ్చింది.

“వచ్చావా నాయనా. తీసుకెళ్ళు, చోటు మిగిలితే ఈయన్ని కూడా ట్రాక్టరెక్కించుకు వెళ్ళు. జన్మలో ఒక్క పందెం గెలవని మొగుణ్ణి కట్టుకున్నా. ఆ టోపీ ఒకటి, దిష్టిబొమ్మకి పెట్టినట్టు. అక్కడి సముద్రంలో ఇంత బుద్ధయినా కడుక్కుని రాకపోయాడు.”

అంత పొందికైన తిట్టు ఆమె అంతవరకు తిట్టి ఎరగదు. ప్రేమానందం సానుభూతితో, “పోనీలెండమ్మా, ఆయన్నేమనకండి. ఈ ఏడు ఆయనే గెలుస్తారేమో” అన్నాడు. వీరరాఘవయ్య సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. దించుకోకపోతే నవ్వు బయటపడేది.

ఆమె లోపలికి వెళ్ళి, ప్రసాదం పుచ్చుకోనివాళ్ళ కోసం పూజలో పెట్టకుండా వేరుగా తీసి ఉంచిన పులిహోర డబ్బాకెత్తి తెచ్చింది. “సౌభాగ్యమ్మకి ఇయ్యి. ఇది పందెం కాదు, పండగ వంట.” డబ్బా పెట్టి ఇవ్వడానికి సంచి దొరక్క తలుపు పక్కన పెట్టె తెరిచి, అందులోంచి ఒకటి లాగింది. పెట్టె మళ్ళీ మూయలేదు. సాయంత్రానికి చీరలు అల్మరాలోకి వాటంతట అవే నడిచి వెళ్ళినట్టు సర్దుకున్నాయి.

“ప్రేమానందం” అని పిలిచాడు బసవయ్య, ట్రేలు ఎక్కించడం పూర్తయ్యాక. “మళ్ళీ నాటే ఈ చేను విరగకాస్తుందని నేనూ పందెం. కాయకపోతే నాకు సభల్లో కప్పిన శాలువాలన్నీ నీవి.”

“శాలువాలు ఎవరడిగారు బావా” అన్నాడు వీరరాఘవయ్య. “ఓడినా వాటిని ఎవరూ పట్టుకుపోరు. బియ్యం ఒడ్డు.”

“అలాగే. మా చేలో పండిన బియ్యం.”

ప్రేమానందం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, “మాస్టారూ, మీకూ అంటుకుందా?” అన్నాడు.

ఫాల్గుణంలో కల్లాలన్నీ ఎర్రగా పరుచుకున్నాయి. ప్రేమానందం, సౌభాగ్యమ్మ చెరొక గుమ్మడికాయా ఎత్తుకొచ్చి, ఒకటి వీరరాఘవయ్య ముందు, ఒకటి కబురందుకుని వచ్చిన బసవయ్య ముందు పెట్టారు. ఆ వెనకే ఆటోలో, సైకిలు మీద, తలమీద మిగిలినవాళ్ళవి వచ్చాయి. అటక నిండింది. మెట్లు నిండాయి. “ఇంకెక్కడ పెట్టనండీ, నా నెత్తినా?” అని సీతారావమ్మ వీధి చివరదాకా వినబడేలా కేకలేసింది. ఆ కేకలు వింటూ మొగుడు దప్పళం రెండోసారి వడ్డించుకున్నాడు.

బసవయ్య తన గెలుపును ఒళ్ళో పెట్టుకుని నందిగామ బస్సెక్కాడు. కండక్టరు ఆయన నుదుటి బొట్టునూ, ఒళ్ళోని కాయనూ చూసి, “మాస్టారూ, దీనికి లగేజీ టికెట్టు కొట్టాలండి” అన్నాడు.

“కొట్టు నాయనా. పందెంలో గెలిచింది” అన్నాడు ఆ పౌరాణికుడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా. “మాంటీకార్లోలో అయితే దీన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు.”

గెలుపు తనకూ ఫలం ఎదుటివారికీ కోరిన ఆ వీరరాఘవయ్య గడ్డిటోపీ నూరేళ్ళు చెక్కుచెదరకుండా నిలుచుగాక. ఆయన కాసిన ప్రతి పందెమూ ఇకమీదట ఆయనే గెలుచుగాక. మునేరు గట్లు దాటకుండా, పురుగు చేను చేరకుండా, ఏటేటా ఆ ఇంటి అటక గుమ్మడికాయలతో ఒరిగిపోవుగాక. వాటిని తరిగి తరిగి విసుగెత్తే భాగ్యం ఆ ఇల్లాలు సీతారావమ్మకు ఏనాడూ తప్పకుండుగాక.